ఆముదం తాగి ఎగిరిన విమానం

కార్తీక దీపాలకు మా అమ్మ ఇప్పటికీ ఆముదమే పోస్తుంది. మూలకుళంలో మేముండేది రెండో అంతస్తు. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్లంతా మైనపు దీపాలూ రంగురంగుల కరెంటు దీపాలూ పెట్టుకున్నా సరే, ఆమె మాత్రం మోకాళ్లు పట్టుకుని పిట్టగోడ వెంబడి ఒక్కొక్క ప్రమిద దగ్గరా ఆగుతూ తన సీసాలోంచి తన నూనే పోసుకుంటూ పోతుంది. గాలికి ఒక దీపం కొండెక్కితే వత్తి కొసనుంచి తెల్లటి పొగ సన్నగా లేస్తుంది. కొంచెం కమురు, కొంచెం కమ్మదనం కలిసిన ఆ చిక్కటి వాసన మా ఇంట్లో మిగతావాళ్లకు గుడినో పురిటిగదినో గుర్తుకు తెస్తుందేమో. నాకు మాత్రం విమానం గుర్తొస్తుంది.

నవ్వితే నవ్వండి. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక విమానం ఉండేది. అది మా అవ్వ ఆముదం తాగి ఎగిరింది. దాని రెక్కలు నేను చేశాను. ఎగిరింది ఒక్కసారే అనుకోండి, అయినా ఎగిరింది.

అప్పుడు మేము ఇదే ఊళ్లో కురుచికుప్పం పేటలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉండేవాళ్లం. కింద రెండు గదులు, వంటిల్లు, వెనక బావి; పైన మిద్దెమీద ఒకే ఒక గది, దాని ముందు ఎండకు పెనంలా కాలే బయలు. పొద్దున లేస్తే ఉప్పుగాలి, ఎండుచేపల వాసన, వీధి మొదట్లో ఇడ్లీలమ్మే ఆమె పొయ్యి పొగ, ఆ పొగలోంచి సాంబారు ఘుమఘుమ. నాయన పబ్లిక్ వర్క్స్‌లో నీళ్ల ట్యాంకి దగ్గర పంపు ఆపరేటరు. ఆయన షిఫ్టును బట్టి మా ఇంట్లో గొంతులు పెరుగుతూ తగ్గుతూ ఉండేవి. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు, తిట్లు మాత్రం రెండూ కలిపి. తెలుగు అక్షరమ్ముక్క మాలో ఒక్కరికీ రాదు. పెళ్లయ్యాక, కడపనుంచి వచ్చిన పక్కింటామె దగ్గర పట్టుబట్టి నేర్చుకోబట్టి ఈ నాలుగు మాటలూ రాయగలుగుతున్నాను.

నేను ఇంట్లో కాలు నిలిచే పిల్లని కాదు. బడి వదిలితే పుస్తకాల సంచి అరుగుమీదికి విసిరేసి సముద్రం ఒడ్డున తేలేదాన్ని. ఆరేసిన వలల మధ్య పీతలను తరమడం, పడవ నీడలో కూచుని గవ్వలతో పల్లాంగుళి, అదే వామనగుంటలు, ఆడడం, ఐసుబండి అన్నను బతిమాలి ఆయన సైకిలు మీద, సీటు అందకపోయినా, అడ్డతొక్కుడు తొక్కడం, మాసి మగం పండక్కి చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లందరూ సముద్రస్నానానికి వస్తే జనంలో దూరి ఏ దేవుడి దగ్గర పులిహోర, ఏ దేవుడి దగ్గర సుండల గుగ్గిళ్లు అని వాసన పట్టి రెండు చేతులూ చాచడం, ఇదీ నా రాజ్యం. "దీని కాళ్లకు చక్రాలుండాయి" అని అవ్వ అనేది. రెండు వీధుల దూరంలో ఉన్న సముద్రం ఒడ్డుకు అమ్మ ఏడాదికొకసారి, ఆ మాసి మగం నాడు మాత్రం పోయేది. అదీ అవ్వ వెనకాల, కొంగు తలమీదికి లాక్కుని, చూశానా లేదా అన్నట్టు చూసి వచ్చేది.

నాయన తమ్ముడు దేవరాజు చిన్నాయన తట్టాంచావడిలో ఒక లేతు వర్క్‌షాపులో పనిచేసేవాడు. పెళ్లికాని మనిషి, చేతులెప్పుడూ గ్రీజు, నోటెప్పుడూ ఈల. ఆకాశంలో విమానం చప్పుడైతే అన్నం ముందునుంచి కూడా లేచిపోయి చూసేవాడు. ఒక ఆయుధపూజ నాడు బొరుగులూ సెనగలూ బెల్లం కలిపిన పొట్లంతోబాటు పొడుగాటి అట్టపెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. వర్క్‌షాపు ఓనరు ముదలాళి తన కొడుక్కని ఎక్కడినుంచో తెప్పించిన విమానం కిట్టు అట. ఆ కొడుకు మూత కూడా తీయలేదట. "నువ్వన్నా చేసి ఎగరెయ్, దాన్ని కిందనుంచి నడిపే రేడియో పెట్టె, ఎంజనూ మాత్రం జాగ్రత్తగా నాకు తిరిగివ్వు" అని ఇచ్చాడట. పెట్టెమీద పచ్చటి పాతకాలపు విమానం బొమ్మ. అసలు విమానంలో ఆరోవంతు, అయినా రెక్కల పొడవు చిన్నాయన ఎత్తుంది. మూత తీస్తే లోపల విమానం లేదు. పలకలు పలకలుగా బాల్సా చెక్క, పుల్లలు, తీగలు, చిన్న చక్రాలు, దుప్పటంత నక్షా. ఆ చెక్కను చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, అప్పడం నయం.

"ఏం పాపా, చేస్తామా?" అన్నాడు చిన్నాయన.

"చేస్తే ఎగరేసేది ఎవురు?"

"ఇంకెవురు, నువ్వే. మొదటిసారి రేడియో పెట్టె పుల్ల పట్టేది నువ్వే. ఒట్టు."

ఆ ఒట్టు మీద నేను రెండు రోజులు నేలమీద నడవలేదు. మూడో రోజు పెద్దమనిషినయ్యాను.

ఏం జరిగిందో నాకు అర్థమయ్యేలోపే నన్ను మిద్దెమీది గదిలోకి తోశారు. కడలూరునుంచి మామ వచ్చి పచ్చి కొబ్బరాకులతో గది మూలన గుడిసె కట్టి, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు. మగవాళ్లు నన్ను చూడకూడదు, నేను మగవాళ్లను చూడకూడదు. నా చాప వేరు, పళ్లెం వేరు, లోటా వేరు. పొద్దున్నే పచ్చిగుడ్డు గొంతులో పోసి వెంటనే నువ్వులనూనె తాగించేవాళ్లు. కక్కుకుంటే మళ్లీ ఇంకోటి. మధ్యాహ్నం నూనె ఓడే మినపకళి ముద్ద, సాయంత్రం రోట్లో దంచిన చిమ్మిలి. మొదట్లో చిమ్మిలి బాగుండేది. తర్వాత దాన్ని చూస్తేనే ఏడుపొచ్చేది. కిటికీలోంచి సముద్రం కనబడదు, వినబడుతుంది. బడి వదిలిన పిల్లల కేకలు వీధిలోంచి ఒడ్డుకు పోయేవి, చీకటిపడితే తిరిగొచ్చేవి. నేను ఆ నాలుగు గోడల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. ఏ తప్పు చేశానని నన్ను ఇందులో పెట్టారో అడిగితే అమ్మ తలవంచుకుని పళ్లెం పెట్టి పోయేది.

ఆ రోజుల్లో ఆడపిల్ల పక్కన ఇనుప ముక్క ఉంచాలి, గాలీ ధూళీ సోకకుండా. మామూలుగా కొడవలి పెడతారు. మా ఇంటి కొడవలి మామ కొబ్బరాకులు కొట్టేటప్పుడు పిడి ఊడింది. "ఇనుము ఏదైనా ఇనుమే కదమ్మా" అని చిన్నాయన కిట్టులోని చిన్న కత్తిని అవ్వ చేతికిచ్చాడు. అవ్వ దాన్ని వేపకొమ్మతో కలిపి నా తలగడ కింద పెట్టింది. మర్నాడు తలుపు కింద సందులోంచి చడీచప్పుడూ లేకుండా ఒక బాల్సా పలక లోపలికి జరిగింది. వెనకే చిన్నాయన గుసగుస.

"అమ్మీ, కత్తి ఉండాది కదా. పలకమీద గీతలుండాయి చూడు, ఆ గీతమీదే కొయ్యి. పొయ్యేదేముండాది, కాలక్షేపం."

చిన్నాయన మెట్లమీద, తలుపుకు వీపు పెట్టి కూచుని ఇంగ్లీషు కాయితం చదివి, అరవంలో గొణుక్కుని, తెలుగులో నాకు చెప్పేవాడు. నేను లోపల చేసేదాన్ని. నక్షా నేలమీద పరిచి, జిగురంటకుండా పైన నూనె కాయితం వేసి, గుండుసూదులు గుచ్చి, దూలంలాంటి పొడుగుపుల్ల పెట్టి, దానికి అడ్డంగా పక్కటెముకలు ఒకదాని తర్వాత ఒకటి నిలబెట్టాలి. ఒక్క ఎముక వంకరపోతే రెక్క మొత్తం వంకర. కింద నాయన గొంతు వినబడితే చిన్నాయన ఈల వేయడం ఆపేసేవాడు, నేను ఊపిరి బిగబట్టేదాన్ని. నేనేం చేశానో ఆయన చూడలేడు, ఆయన మొహం నేను చూడలేను. "నేరుగా ఉండాదా?" అంటే "ఉండాది" అనేదాన్ని, ఆయన నమ్మేవాడు. నా మాటను అంతగా నమ్మిన మనిషి ఆ తర్వాత నాకు తగల్లేదు, మా ఇంటాయనతో కలిపి చెబుతున్నాను.

తలకు పోసే రోజు వచ్చింది. నన్ను పసుపు నీళ్లతో ముంచి కూచోబెట్టి, ఆడవాళ్లంతా నలుగు పాటలు పాడుతుంటే, గుడిసె విప్పడానికి పైకి వెళ్లిన అవ్వ గట్టిగా కేకేసింది. గుడిసె వెనక గోడకు ఆనించిన రెండు రెక్కలు ఆమె కంటబడ్డాయి. గదిలో నేను వాడిన చాపా బట్టలూ చాకలామెకు పోతాయి, గుడిసె వీధి చివర కాలుస్తారు, అది పద్ధతి. "దీని చెయ్యి తగిలినవి గుడిసెతోబాటే పోవాల" అంది అవ్వ. నేను తడి బట్టలతోనే మెట్లెక్కి వెళ్లి రెక్కలకు అడ్డం నిలబడ్డాను. ఏడవలేదు. ఏడుపు రానంత కోపం.

"ఏంది పాపా ఇది, శుభమా అని తలకు పోస్తే?"

"కాలిస్తే నన్నూ కాల్చవ్వా."

అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. పసుపు నీళ్లు చల్లి శుద్ధి చేద్దామని ఎవరో అన్నారు. నీళ్లు తగిలితే ఆ చెక్క అప్పడంలా మెలితిరిగిపోతుందని చిన్నాయన గుమ్మం బయటనుంచే మొత్తుకున్నాడు. చివరికి ఆయనే అన్నాడు:

"అమ్మా, అగ్గికి అంటు ఉండాదా?"

"అగ్గికేంది అంటు?"

"ఈ రెక్కమీద పలచగా ప్లాస్టిక్ పొర ఒకటి ఎయ్యాల. ఇస్తిరి పెట్టెతో రుద్దితేనే అంటుకుంటాది. రెక్క మొత్తానికీ అగ్గి తగలతాదిమా. ఇంక శుద్ధం కాక ఏమవతాది?"

అవ్వ ఇచ్చిన తీర్పు నేను చచ్చేదాకా మరిచిపోను. "సరే. కానీ కరెంటు పెట్టె కాదు. కరెంటు అగ్గి కూడా ఒక అగ్గేనా? బొగ్గులది తీసుకురా."

ఇస్తిరిబండి తాత దగ్గర ఇత్తడి పెట్టె అడిగి తెచ్చి, కొబ్బరిచిప్పల నిప్పులు నింపి, కిట్టులోని పచ్చటి పొరను అవ్వ కళ్లెదుటే అంటించాం. వేడి తగిలేకొద్దీ పొర ముడతలు పోయి తప్పెటలా బిగుసుకుంది. వేలితో కొడితే టంగుమంది. కానీ బొగ్గుల పెట్టె వేడి ఒకచోట ఉన్నట్టు ఒకచోట ఉండదు కదా. కుడిరెక్క మీద పొర ఎక్కువ బిగిసి, రెక్క రవ్వంత మెలితిరిగింది. నేను అంత నేరుగా నిలబెట్టిన రెక్క! మళ్లీ వేడిచేసి సరిచేద్దామన్నా కొంచెం మిగిలిపోయింది. "ఫరవాలేదు, ఎగిరేటప్పుడు కుడికి లాగతాది, మనం ఎడమకు పట్టుకుందాం" అన్నాడు చిన్నాయన.

ఆ తర్వాత నన్ను గదిలోంచి వదిలారు, ఇంట్లో బంధించారు. పావడామీద దావణీ వచ్చింది; రెండు జడలూ పోయి ఒక జడ, బడికి అవ్వ తోడు, సైకిలు ఊసే లేదు, సముద్రం పేరెత్తితే నాయన చూపు. ఐసుబండి అన్న వీధిలోకి వస్తే నన్ను లోపలికి పిలిచేవాళ్లు. నిన్నటిదాకా నాతో పీతలు తరిమిన పిల్లలు మా గుమ్మం ముందు పరిగెత్తుకుంటూ పోతూ "రావా?" అనడం కూడా మానేశారు. దాని గురించి ఎవరూ నాకు ఒక్క మాట వివరించి చెప్పలేదు. నాకు మిగిలింది చిన్నాయన ఒట్టు ఒకటే.

విమానం మొండెం చిన్నాయన కింద తనే తయారుచేశాడు. ఎంజను బావి దగ్గర బల్లకు బిగించి పరీక్ష చేశాం. నిమ్మకాయంత ఎంజను. దానికి పెట్రోలు పనికిరాదు; మిథనాల్ అనే స్పిరిట్టు, అందులో ఆముదం కలపాలి, లేకపోతే లోపల అరిగిపోతుంది. స్పిరిట్టు వర్క్‌షాపునుంచి వచ్చింది. ఆముదం అవ్వ జాడీలోంచి వచ్చింది. చిన్నాయన పంకాను వేలితో కొట్టి, కొట్టి, వేలు తెగి, గుడ్డ కట్టుకుని మళ్లీ కొడితే, ఒక్కసారిగా వెయ్యి తుమ్మెదలు లేచినట్టు అరిచింది. పెరడంతా తెల్లటి పొగ, కాలిన ఆముదం వాసన. అవ్వ వంటింట్లోంచి పరుగున వచ్చి, జాడీ చూసి, ఎంజను చూసి, "నా ఆముదం తాగతా ఉండాదా ఇది!" అని నోరు తెరిచింది. పోయేటప్పుడు మాత్రం "కడుపు శుభ్రంగా ఉంటాది దానికి" అని నవ్వింది.

విమానం ఎగరేయడానికి చోటున్నది ఒడ్డున ఒక్కచోటే, అక్కడికి నన్ను పంపరు. ఎంత అడిగినా పంపరు. చిన్నాయన రెండు రోజులు ఈల కూడా వేయకుండా తిరిగి, చివరికి ఒక ఉపాయం చెప్పాడు. విమానం దగ్గరికి మనం పోకూడదు, అంతే కదా? రేడియో పెట్టెకు గాలిలో అంత దూరం ఒక లెక్కా? ఆయన స్నేహితుడు సెల్వం పడవ మోటారు నడిపేవాడు, ఎంజన్లంటే భయం లేనివాడు. అతను కింద ఒడ్డుమీద విమానాన్ని స్టార్టు చేసి గాలిలోకి వదులుతాడు. మేము మిద్దెమీదనుంచి నడుపుతాం.

మాసి నెల, అంటే మాఘం, ఒక ఆదివారం పొద్దున. నాయన షిఫ్టుకు పోయాడు, అవ్వ గుడికి పోయింది. మిద్దె అంచున నిలబడితే కొబ్బరిచెట్ల సందున కనబడే సముద్రం పళ్లెంలో పాలలా ఉంది. కొబ్బరిచెట్ల అవతలనుంచి మొదట తుమ్మెదల చప్పుడు వచ్చింది, ఆ తర్వాత పచ్చగా, మా రెక్కలు. చెట్ల తలలమీదికి లేచి, కుడికి ఒరిగి, సర్దుకుని, ఇంకా పైకి. ఎండ ఆ పొరలోంచి దూరితే నేను నిలబెట్టిన పక్కటెముకలు ఒక్కొక్కటీ నల్లగీతల్లా కనబడ్డాయి. చిన్నాయన దాన్ని బాగా పైకి తీసుకుపోయి పెట్టె నా చేతుల్లో పెట్టాడు. "ఒట్టు తీరిపాయ" అన్నాడు.

బొటనవేలు కదిపితే అంత దూరంలో అది కదిలింది. ఆ సంగతి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు పోవడానికి వీల్లేని ఒడ్డు మీదుగా, పడవల మీదుగా, నురగ దాటి సముద్రం మీదికి, నేను ఎటు అంటే అటు. పోయేటప్పుడు అంతా సులువుగానే ఉంది. "చాలు, తిప్పు" అన్నాడు చిన్నాయన. తిప్పాను. అప్పుడది మా వైపు మొహం పెట్టింది, నా వేళ్లు తప్పాయి. ఎదురొచ్చే విమానానికి మన కుడి దాని ఎడమ. నేను లేపబోతే అది ఇంకా ఒరిగింది, రెక్కమీద పడుతూ కిందికి జారింది.

"వాలే రెక్క కిందికి పుల్ల పెట్టే! గెల బరువుకు వాలే అరటిచెట్టుకు గడ పెడతారే, అట్ల!"

వాలిన వైపుకే పుల్ల తోశాను. రెక్క లేచింది. తిన్నగా మా నెత్తిమీదుగా గర్జించుకుంటూ పోయింది. ఆముదం వాసన మిద్దెమీదికి దిగింది. వెనక్కి తిరిగితే అమ్మ.

తడి బట్టల బకెట్టు చేతిలో అలాగే ఉంది. తిట్టడానికే వచ్చి ఉంటుంది. కానీ ఆమె నన్ను చూడడం లేదు. తల వెనక్కి వాల్చి చూస్తోంది, కొంగు ఎప్పుడు జారిందో ఆమెకు తెలియదు.

"ఎంత దూరం పోతాది అది?" అంది.

"మన కంటికి ఆనేదాకా వదినా. ఆపైన పోతే తిప్పుకోలేము" అన్నాడు చిన్నాయన.

"అంతేనా?"

నేను మళ్లీ సముద్రం మీదికి తిప్పాను. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. నూనె అయిపోయి చప్పుడు ఠక్కున ఆగింది. చిన్నాయన పెట్టె లాక్కుని, గాలిలో తేలించుకుంటూ తెచ్చి, ఆరేసిన వలల మీద దించాడు. ఒడ్డున పిల్లల కేకలు. ఇరుగుపొరుగు మిద్దెలమీద ఎప్పుడు చేరారో అంతమంది జనం. అందరూ మొదట విమానాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. "వయసొచ్చిన పిల్లను మిద్దెమీద నిలబెట్టి ఏంది ఈ ఆట" అని ఎదురింటామె అరవంలో అన్నది మా అందరికీ వినబడింది.

నాయన ఇంటికి రాకముందే మిద్దె తలుపుకు తాళం పడింది. వేసింది నాయన కాదు, అవ్వ కాదు. అమ్మ. తాళంచెవి బొడ్లో దోపుకుని, ఆ రోజునుంచి బట్టలు పెరట్లో ఆరేసింది. సెల్వం తెచ్చిచ్చిన విమానం, ఎంజను విప్పేశాక, పైగదిలోనే ఉండిపోయింది. ఎంజనూ రేడియో పెట్టె ముదలాళికి తిరిగిపోయాయి. చిన్నాయనకు హొసూరులో పని దొరికి పోయాడు. పోయేటప్పుడు ఆయన ఈల కూడా వేయలేదు. అమ్మమీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆమె వడ్డించిన అన్నం తిన్నాను గానీ ఆమె మొహం చూసి తినలేదు. ఏళ్లు.

ఆ తలుపు మళ్లీ తెరిచింది నా పెళ్లికి, వంటవాళ్ల గుండిగలు పెట్టుకోవడానికి. పూలజడ బరువుతో మెట్లెక్కి నేనే ముందు వెళ్లాను. విమానం గోడకు ఆనించినట్టే ఉంది, పచ్చగా, చెక్కుచెదరకుండా. రెక్క పట్టుకుని ఎత్తితే చేతిలో మెత్తగా కూలిపోయింది. చెక్కంతా చెదలు తినేశాయి. పొర మాత్రం మిగిలింది, లోపల గుప్పెడు మట్టి.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఒడ్డున వలలు ఆరేసిన ఇసుకను సముద్రం తినేస్తే బండరాళ్లు పోశారు. ఈ మధ్య మా బంధువుల పిల్లకు హాల్లో ఫంక్షను చేస్తే ప్లాస్టిక్ ఆకుల గుడిసె పెట్టారు, ఫోటో తీసి మడిచేశారు. అంతవరకూ మంచిదే, నాకేం బెంగ లేదు. ఆ ఫోటోలు తీసింది గాలిలో తిరిగే కెమెరా, బ్యాటరీది. వదిలేసినా నిలబడుతుంది, పిలిస్తే తనే వస్తుంది, వాసనే లేదు.

మొన్న దీపాల రోజు ఒక ప్రమిద కొండెక్కింది. పొగ మా ఇద్దరి మధ్య లేచింది. అమ్మ అగ్గిపుల్ల గీయబోయి ఆగింది.

"ఏమే, ఆ పొద్దు నువ్వు తిప్పకుండా ఉంటే ఆ ఇమానం యాడికి పోయుండును?"

ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట రావడం అదే మొదలు.

"యాడికి పోతాదిమా, సముద్రంలో పడుండును."

అమ్మ అగ్గిపుల్ల గీయకుండానే తూర్పు వైపు చీకట్లోకి చూసింది. ఇక్కడినుంచి సముద్రం కనబడదు, వినబడదు కూడా.

"పడితే పడుండును," అంది. "తిప్పకుండా ఉండాల్సింది. ఇంకా కొంజం దూరం చూసుందును."